అప్పీలు తేలేలోపే శిక్ష తీరిపోతే...

కింది కోర్టు శిక్ష వేయడంతో క్రిమినల్ కేసు ముగిసిపోయిందని జనం అనుకుంటారు. చట్టం అలా అనుకోదు. సెషన్స్ కోర్టులో శిక్ష పడిన ఖైదీకి హైకోర్టు తలుపు తట్టడం హక్కు, ఎవరి దయాదాక్షిణ్యమూ కాదు. అతనికి తీర్పు నకలు ఉచితంగా ఇవ్వాలనీ, వకీలును పెట్టుకునే స్తోమత లేకపోతే ప్రభుత్వమే సమకూర్చాలనీ సుప్రీంకోర్టు 1978లోనే హోస్కోట్ కేసులో చెప్పింది. వకీలు రాలేదన్న సాకుతో అప్పీలు కొట్టేయకూడదని, రికార్డు చూసి మంచిచెడ్డలు తేల్చాలని 1996లో బనీసింగ్ కేసులో స్పష్టం చేసింది. కాగితం మీద ఈ హక్కుకు లోటేమీ లేదు. చిక్కంతా అప్పీలు ఎప్పుడు విచారణకు వస్తుందన్న దగ్గరే ఉంది. సహేతుకమైన వ్యవధిలో అప్పీలు వినలేనప్పుడు శిక్ష అమలు ఆపి బెయిలు ఇవ్వడం నియమంగా, నిరాకరించడం మినహాయింపుగా ఉండాలి.

ఆలస్యం ఖరీదు ఎంతో తెలుగువారికి బాగా తెలుసు. విజయవాడ దగ్గరి ఇబ్రహీంపట్నంలో 2007 డిసెంబరులో హాస్టల్లో ఉన్న ఫార్మసీ విద్యార్థిని హత్యకు గురైంది. 2008లో పోలీసులు ఒక పేద యువకుణ్ని అరెస్టు చేశారు. 2010లో విజయవాడ కోర్టు అతనికి శిక్ష వేసింది. ఉమ్మడి హైకోర్టు అప్పీలు విని అతణ్ని నిర్దోషిగా తేల్చింది 2017 మార్చి 31న. అరెస్టు నాటి నుంచి లెక్కేస్తే ఎనిమిదేళ్లు దాటాయి. అతనికి లక్ష రూపాయలు చెల్లించమని కోర్టు ఆదేశించింది. పోయిన యవ్వనానికి అది ఏ లెక్కన సరిపోతుంది? ఇక్కడ నష్టపోయింది ఆ యువకుడొక్కడే కాదు. 2018లో హైకోర్టు కేసును సీబీఐకి అప్పగించేనాటికి సాక్ష్యాలకు పదేళ్ల వయసు వచ్చేసింది. అప్పీలు ఆలస్యమైతే అసలు నేరస్థుడి వేటా ఆలస్యమవుతుంది, హతురాలి తల్లిదండ్రులకు న్యాయమూ అందదు.

ఈ జాప్యంలో ఖైదీ చేతుల్లో ఉండేది చాలా తక్కువ. హైకోర్టులో అప్పీలు వేయడానికి సాధారణంగా అతనికి ఉన్న గడువు 60 రోజులు. కింది కోర్టు నుంచి రికార్డు తెప్పించడానికి, తెలుగులోని ఫిర్యాదులూ పంచనామాలూ ఇంగ్లిషులోకి మార్చి పేపర్ బుక్ కట్టడానికి, ఆపైన బెంచి ముందుకు రావడానికి మాత్రం అలాంటి కచ్చితమైన గడువు లేదు. త్వరిత విచారణ హక్కు అప్పీలు దశకూ వర్తిస్తుందని 1992లో అంతులే కేసులో రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. కొత్త నాగరిక సురక్షా సంహిత 479వ సెక్షన్ విచారణ ఖైదీల విడుదలకు కాలపరిమితి పెట్టింది గానీ, అప్పీలు పెండింగులో ఉన్నవారికి అలాంటి హామీ స్పష్టంగా ఇవ్వలేదు. పాత చట్టం కాలంలోనే, 2016లో, మన ఉమ్మడి హైకోర్టు ఈ లోటును కొంత పూడ్చింది: యావజ్జీవ శిక్ష పడి అయిదేళ్లు జైల్లో గడిపినా అప్పీలు తేలనివారికి, కొన్ని ఘోర నేరాలను మినహాయించి, బెయిలు ఇవ్వవచ్చంది.

నేరం రుజువయ్యాక నిర్దోషి అన్న భావనకు చోటెక్కడిదని కొందరు అడుగుతారు. నిజమే, విచారణ ఖైదీకీ శిక్ష పడినవారికీ తేడా ఉంది. అందుకే మొదటి రోజే బెయిలు ఇమ్మని ఎవరూ అడగడం లేదు. కానీ పై కోర్టు తేల్చాల్సిన తీర్పునే తుది తీర్పుగా అమలు చేసేసి, చివర్లో తప్పని తేలితే ఆ కాలాన్ని ఎవరూ వెనక్కి ఇవ్వలేరు. బయటికొస్తే సాక్షులను, బాధితులను బెదిరిస్తారన్న భయమూ తేలిగ్గా కొట్టేసేది కాదు. అలాంటి ప్రమాదం కనబడితే ప్రాసిక్యూటర్ లిఖితపూర్వకంగా అభ్యంతరం చెప్పవచ్చు. కోర్టు షరతులు పెట్టవచ్చు, అవి తప్పితే బెయిలు రద్దు చేయవచ్చు. బెయిలు దొరికాక వాయిదాల మీద వాయిదాలు కోరతారన్నది మూడో వాదన. కారణం లేకుండా వాయిదా అడిగితే బెయిలు పోతుందన్న షరతు పెడితే దానికీ మందు దొరుకుతుంది.

బెయిలు మాత్రం తాత్కాలిక ఉపశమనమే. అసలు కావలసింది విచారణ. జైల్లో ఉన్నవారి అప్పీళ్లకు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ హైకోర్టులు రెండూ ప్రత్యేక బెంచీలు కేటాయించాలి. జైల్లో అయిదేళ్లు దాటినా అప్పీలు తేలని ఖైదీల జాబితాను జైలు అధికారులు, న్యాయసేవాధికార సంస్థలు ప్రతి మూడు నెలలకోసారి కోర్టు ముందుంచాలి. ఖైదీ అడిగేదాకా ఆగకుండా బెయిలు అర్హతను హైకోర్టులే పరిశీలించాలి.