ముల్లు కదలని కాటా

శ్రీకాకుళం నుంచి ఒక సోదరి ఇలా వ్రాశారు: "మూడు నెలలపాటు రోజూ ప్రొద్దున్నే గంటసేపు నాగావళి వంతెన దాకా నడిచి, నాలుగు కిలోలు తగ్గాను. నెల క్రిందట నడక మానేసి, వ్యాయామశాలలో చేరి బరువులెత్తడం మొదలుపెట్టాను. అప్పటినుంచి కాటా తగ్గదు సరికదా, ముప్పావు కిలో పెరిగింది. ఆదుర్దాకొద్దీ రాత్రి భోజనం మానేశాను. అక్కడ నేర్పే కుర్రవాడు ప్రోటీన్ పొడి డబ్బా కొనమంటున్నాడు. మా పుట్టిల్లు కవిటి. నన్నేం చేయమంటారు?"

ముందుగా ఆ రాత్రి భోజనం మళ్ళీ మొదలుపెట్టండమ్మా. తరువాత కాటా సంగతి మాట్లాడుకుందాం.

కాటా అబద్ధమాడదు. కాని, మనం అడిగినదానికి అది జవాబు చెప్పదు. మీకు కావలసింది కొవ్వు లెక్క. అది చెప్పేది ఎముకలు, కండ, నీరు, నిన్న తిన్న అన్నం అన్నీ కలిపిన మొత్తం. ఇందులో కొవ్వు మెల్లగా మారుతుంది. నీరు మాత్రం పూటపూటకూ మారుతుంది.

అలవాటులేని పని చేసినప్పుడు కండరాల పోగులు సూక్ష్మంగా దెబ్బతింటాయి. బరువులెత్తిన మర్నాడూ, ఆ మర్నాడూ మెట్లెక్కుతుంటే తొడలు పట్టేయడం అందుకే. ఆ మరమ్మతు జరిగేటంతవరకు అక్కడ నీరు చేరుతుంది. అదిగాక, కండలు తమకు కావలసిన ఇంధనాన్ని గ్లైకోజెన్ రూపంలో దాచుకుంటాయి. పని పెరిగినకొద్దీ నిలవ కూడా పెంచుకుంటాయి. గ్రాము గ్లైకోజెన్‌తోపాటు సుమారు 3 గ్రాముల నీరు చేరుతుంది. 150 గ్రాములు అదనంగా దాచుకుంటే నీటితో కలిపి 600 గ్రాములు! మీ ముప్పావు కిలోలో చాలాభాగం ఇదే కావచ్చును. ఇక ఆదివారం ఆవకాయా, అప్పడాలూ వేసుకుని భోంచేసి సోమవారం కాటా ఎక్కితే ఉప్పు పట్టి ఉంచిన నీరు కనబడుతుంది. నెలసరికి ముందు రోజుల్లోనూ అంతే.

మీ జిల్లా ఆడపడుచు కరణం మల్లీశ్వరిని తలచుకోండి. ఆమదాలవలస దగ్గర ఊసవానిపేటలో పెరిగిన ఆమె 1994, 1995లలో 54 కిలోల తరగతిలో ప్రపంచ విజేత. 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో పోటీచేసింది 69 కిలోల తరగతిలో. అక్కడ మొత్తం 240 కిలోలు ఎత్తి కంచు పతకం తెచ్చి, ఒలింపిక్ పతకం పొందిన తొలి భారతీయ మహిళ అయింది. కాటా లెక్కన ఆమె బరువు పెరిగిన మనిషే! మనకు పతకాలు అక్కరలేదు. బరువంతా కొవ్వు కాదనే మాట గుర్తుంటే చాలు. కొవ్వు తగ్గుతూ కొంచెం కండ పెరిగితే ముల్లు ఉన్నచోటనే ఉంటుంది, జాకెట్టు మాత్రం వదులవుతుంది.

అయితే ఊరడించి ఊరుకుంటే నా పని పూర్తికాదు. మీరు నడక పూర్తిగా మానేశారు గదా! గంటసేపు చురుకుగా నడిస్తే మన ఇళ్ళలోని ఆడవారికి సుమారు 200, 250 కేలరీలు ఖర్చవుతాయి. ఎత్తడం, ఆగడం, మళ్ళీ ఎత్తడంలో అంత ఖర్చు కాకపోవచ్చు. పైగా కసరత్తు చేసినవారికి ఆకలి కూడా ఎక్కువే. ఇంటికి వచ్చి పలాస జీడిపప్పు 50 గ్రాములు నమిలారంటే సుమారు 275 కేలరీలు. నడిచిన గంటకూ దీనికీ చెల్లు! నాలుగు కిలోలు తగ్గిన ఒంటికి మునుపటంత తిండి అవసరం లేదన్న మాట కూడా మరవకండి.

కాబట్టి బరువులు మానవద్దు, నడకా వదలవద్దు. వారానికి 150 నిమిషాలైనా చురుకైన నడకవంటి పని, రెండు రోజులు కండలకు పని ఉండాలని ప్రపంచ ఆరోగ్యసంస్థ సలహా. కాటా వారానికొక్కసారే, ఒకే రోజున, ఉదయం కాఫీకి ముందు ఎక్కండి. రెండు వారాలకొకసారి టేపుతో నడుము కొలవండి. మన దేశంలో ఆడవారికి 80 సెంటీమీటర్లు, మగవారికి 90 దాటితే జాగ్రత్తపడాలంటారు. ఆరు వారాలకు కాటా, టేపు రెండూ కదలకపోతే, తిన్నవన్నీ ఒక వారంపాటు కాగితంమీద వ్రాయండి. పిల్లలు కంచంలో వదిలేస్తే పారేయలేక తిన్నది కూడా లెక్కే!

ఇక ఆ పొడి డబ్బా. కవిటి అనగానే ఆగవలసి వచ్చింది. ఉద్దానంలో కవిటి, కంచిలి, సోంపేట ప్రాంతాలలో మూత్రపిండాల జబ్బు దశాబ్దాలుగా ఇల్లిల్లూ పీడిస్తున్నది. కారణం ఇంకా పూర్తిగా తేలలేదు. ఆ జబ్బు చాలాకాలం నొప్పీ బాధా లేకుండానే ముదురుతుంది. జబ్బు లోపల ఉన్నవారికి అదనపు ప్రోటీన్ మూత్రపిండాలపై భారమే. అందుచేత డబ్బా కొనేముందు రక్తంలో క్రియాటినిన్, మూత్రంలో ప్రోటీన్ పరీక్ష చేయించుకోండి. పరీక్షకు ముందు రెండు రోజులు బరువులెత్తకండి. లేకుంటే క్రియాటినిన్ కాస్త ఎక్కువగా కనబడి అనవసరంగా భయపెట్టవచ్చు. అన్నీ బాగున్నాయని తేలినా డబ్బాతో పనేముంది? పప్పు, పెసలు, పెరుగు, ఇష్టమైనవారికి గుడ్డు, చేప ఉండనే ఉన్నాయి.

ఒక్క హెచ్చరిక. పాదాలు వాచినా, ప్రొద్దున్నే ముఖం ఉబ్బినా, ఆయాసం వచ్చినా, రోజుల్లోనే బరువు గబగబ పెరిగినా అది కొత్త వ్యాయామం తెచ్చిన నీరని సరిపెట్టుకోకండి. కసరత్తు తరువాత మూత్రం కాఫీ రంగులో వస్తే ఆరోజే డాక్టరుగారి దగ్గరకు వెళ్ళండి.

ఆరు వారాలైన తరువాత మళ్ళీ వ్రాయండి, సోదరీ. కిలోలు వ్రాయకపోయినా ఫరవాలేదు. పరీక్షలో ఏం తేలిందో, నడుము కొలత ఎంతో, శాలిహుండం కొండ ఎన్నిచోట్ల ఆగకుండా ఎక్కగలిగారో వ్రాయండి.