నల్లబడిన బెండు పిడి

పిల్లలూ! మా లాలాపేటలో ఒక విద్యార్థి, తన తండ్రి స్వయంగా తయారుచేసిన గాలపు కర్రను నాకు చూపించాడు. చేతి చెమటకు దాని బెండు పిడి నల్లబడింది. "ఉప్పుకాగితంతో రుద్దమంటారా సార్?" అన్నాడు. ముందే వద్దన్నాను. ఎందుకో తెలుసా?

ఈ బెండు ఒక రకం ఓక్ చెట్టు బెరడు. పోర్చుగల్ దేశంలో ఎక్కువగా దొరుకుతుంది. ఒకసారి ఒలిచాక మళ్ళీ ఒలవాలంటే సుమారు 9 ఏళ్ళు ఆగాలి. రాబర్ట్ హుక్ సూక్ష్మదర్శినిలో దీనినే చూసి, అందులోని చిన్న గదులను 'సెల్స్' అన్నాడు. ఆ సంగతి 1665లో ప్రచురించాడు. మన తార్నాక దగ్గరి సెంటర్ ఫర్ సెల్యులర్ అండ్ మాలిక్యులర్ బయాలజీ పేరులో ఉన్నది ఆ మాటే!

ఆ గదుల నిండా గాలి ఉంటుంది. వాటి గోడలలో నీటిని పీల్చని సూబరిన్ అనే పదార్థం ఉంటుంది. కాబట్టి మురికి చాలావరకు పైపైనే నిలుస్తుంది. సబ్బునీటిలో ముంచి పిండిన గుడ్డతో తుడవండి, వదులుతుంది. ఉప్పుకాగితమైతే మురికితోపాటు కణాలనూ గీకేస్తుంది. చెట్టు మీద బెరడు మళ్ళీ పెరుగుతుంది. పిడి మీద పెరగదు.

అప్పటికీ మరక మిగిలితే, ముక్కుకు గుడ్డ కట్టుకుని, సన్నరకం కాగితంతో తేలికగా రుద్దండి. తండ్రి చేతితో తీర్చిన పిడి కొత్తదానిలా మెరవనక్కరలేదు. శుభ్రం చేయడం వేరు, అరగదీయడం వేరు. మీరేమంటారు?