దామెర్ల రామారావుగారు - మన కర్తవ్యము

బొంబాయి నగరమును కట్టిన కూలీలలో మన కామాఠీలు ముందువరుసలో నుండిరని సభలలో తఱచు చెప్పుకొందుము. అది నిజమే, కామాఠీపురమను పేరే అందులకు సాక్ష్యము. కాని యీ నగరముననే విద్య నేర్చి, తెలుగు చిత్రకళకు క్రొత్త జీవము పోసిన దామెర్ల రామారావుగారి పేరు మన చాళ్లలో నెందరు బాలురకు తెలియును?

రామారావుగారు 1897లో రాజమహేంద్రవరమున జన్మించిరి. అచ్చటి ప్రభుత్వ కళాశాల ప్రిన్సిపాలు ఆస్వాల్డ్ కూల్డ్రే దొరగారు స్వయముగా నీటిరంగుల చిత్రకారులు. వారు బాలుని నేర్పును గుర్తించి, ప్రకృతిని కన్నులార చూచి గీయుట యలవాటు చేసి, 1916లో బొంబాయి సర్ జె. జె. స్కూల్ ఆఫ్ ఆర్టునకు పంపిరి. 1920 వఱకు అచట చదివి, రామారావుగారు స్వస్థలమునకు మరలి, చిత్రకళాశాలను నెలకొల్పి శిష్యులను తీర్చిదిద్దిరి. 1925 ఫిబ్రవరిలో మశూచికము సోకి యిరువదియెనిమిదవ యేటనే కన్నుమూసిరి.

పురాణగాథలను, తెలుగు స్త్రీలను చిత్రించినవారుగా వారికి ప్రసిద్ధి. అయినను గోదావరీ తీరమును, కొండలను, చెట్టుచేమలను వారు నీటిరంగులలో వ్రాసిన తీరు ప్రత్యేకముగా చూడదగినది. తైలవర్ణములలో తప్పు జరిగినచో పైన మఱియొక పూత పూయవచ్చును. నీటిరంగులో కాగితపు తెలుపే వెలుగు. ఒకసారి కుంచె తాకినచో దిద్దుబాటు కష్టము. చూపు నిశ్చయమైననే చేయి నిలుచును. మిత్రులు వరదా వెంకటరత్నముగారు మొదలగువారి శ్రద్ధవలన మిగిలిన ఆ చిత్రములు నేటికిని రాజమహేంద్రవరములోని దామెర్ల రామారావు చిత్రశాలలో నున్నవి. స్వగ్రామమునకు పోవు మనవారు పిల్లలకు వానిని చూపవలయును.

ఇచట నొక సంగతి యోచింపదగియున్నది. ప్రతిభ రామారావుగారిది, దానిని గుర్తించి బొంబాయికి దారి చూపినవాడు పరదేశీయుడైన ఉపాధ్యాయుడు. నాడు ఆ యువకుడు గోదావరీ తీరమునుండి యెంతో దూరము ప్రయాణించి చేరిన విద్యాలయము మనకు దాదరులో లోకలు బండి యెక్కి వి.టి.లో దిగినచో నడకదూరమున నున్నది. తరతరములుగా నిచటనే యుండి, దాని గుమ్మము ముందుగా క్రాఫర్డు మార్కెట్టునకు పోయి వచ్చుచున్నాము గాని, మన బిడ్డ యొకడు లోపల అడుగు పెట్టవలెనని తలంచినవారెందరు?

"బొమ్మలు కూడు పెట్టునా?" యని పెద్దలడుగుదురు. వర్తకుడనగు నేను ఆ ప్రశ్నను తేలికగా త్రోసివేయను. కాని తప్పక కూడు పెట్టునని మనము నమ్మిన బట్టల మిల్లులు 1982 సమ్మె తరువాత ఏమైనవి? నేత, అచ్చు, ప్రకటన, చలనచిత్రము - వీనిలో దేనికైనను గీత తెలిసిన చేయి కావలయును. నీటిరంగులకు పెద్ద గది యక్కఱలేదు. పది యడుగుల ఖోలీలో, కిటికీ ప్రక్క, పెట్టె, కాగితము, గిన్నెడు నీళ్లు చాలును.

మఱియొక కారణము కలదు. కామాఠీపురపు పాత కట్టడములను పడగొట్టి పునర్నిర్మించు పథకమును ప్రభుత్వము చేపట్టినది. మంచి యిండ్లు రావలసినదే. కాని ఆ కొయ్య వరండాలు, మెట్లు, వానకాలపు సందులు పోయిన పిమ్మట వానిని మన మనుమలకు చూపువారెవరు? ఛాయాచిత్రము గోడను చూపును. ఆ గోడ ప్రక్క పెరిగిన చేయి వ్రాసిన చిత్రము బ్రదుకును చూపును. గోదావరికి గోదావరి బిడ్డ దొరకెను. మన సందులకును మన బిడ్డయే కావలయును.

కావున మన సంఘమునకు మూడు సూచనలు చేయుచున్నాను. మొదటిది, ఆదివారములలో బాలబాలికలకు చిత్రలేఖన తరగతి నడిపి, మహారాష్ట్ర ప్రభుత్వము జరుపు ఎలిమెంటరీ, ఇంటర్మీడియట్ డ్రాయింగు పరీక్షలకు వారిని సిద్ధపఱచుట. రెండవది, ఉగాదినాడు మన చాళ్ల దృశ్యములతో వారి చిత్రముల ప్రదర్శనము. మూడవది, యేటేట నొక విద్యార్థికి కళాశాల రుసుము, రంగులు, కాగితము, రైలు పాసు ఖర్చు సంఘనిధి నుండి భరించుట. ఉత్సవపు పందిళ్లకు మనము వెచ్చించు ధనములో స్వల్పభాగము దీనికి చాలును. ఒక ఉపాధ్యాయుడు ఒంటరిగా చేసిన పనిని ఒక సంఘము చేయజాలదా? రాబోవు సర్వసభ్య సమావేశములో సభ్యులు దీనిని చర్చించి నిర్ణయింప గోరుచున్నాను.