వాల్తేరు కొండకు చుట్టాలెక్కడ?

మా వాషర్‌మెన్‌పేటలో పునాది తవ్వితే పైకొచ్చేది ఇసుకే. కొండ కావాలంటే సెయింట్ థామస్ మౌంట్, పల్లావరం వైపు పోవాలి. అక్కడి నీలినలుపు రాయికి ఒక పేరుంది. కలకత్తాలో జాబ్ చార్నాక్ అనే ఈస్టిండియా కంపెనీ దొర సమాధి మీద పరిచిన రాయిని థామస్ హాలండ్ అనే భూగర్భ శాస్త్రవేత్త పరీక్షించి, అదీ మన పల్లావరం రాయీ ఒకటేనని గుర్తించి, 1893లో దానికి 'చార్నొకైట్' అని పేరు పెట్టాడు. రాయి మనది, పేరు మాత్రం సమాధిలో ఉన్నాయనది!

ఈ రాయి వయస్సు దాదాపు 250 కోట్ల సంవత్సరాలు. ఆ అంకె చదవగానే బ్యాంకు బుద్ధికి వచ్చే మొదటి ప్రశ్న, ఈ లెక్క ఎవరు వేశారు, ఆడిట్ చేసిందెవరు అని. నేను బి.కాం. వాణ్ణి. అయినా చదివి చూస్తే నాకు అర్థమైన శాస్త్రం ఇదొక్కటే, ఎందుకంటే అది మా తరుగుదల లెక్కే.

రాయిలో జిర్కాన్ అనే ఖనిజం గింజలు ఉంటాయి. చాలావాటి పొడుగు మిల్లీమీటరులో పదో వంతు. (నగల కొట్లో అమెరికన్ డైమండ్ అని అమ్మేది ఇది కాదు, అది ఫ్యాక్టరీలో చేసే జిర్కోనియా.) జిర్కాన్ గింజ పుట్టేటప్పుడు కొంచెం యురేనియాన్ని లోపలికి రానిస్తుంది, సీసాన్ని మాత్రం దాదాపుగా రానివ్వదు. ఆ యురేనియం కాలక్రమాన సీసంగా మారుతుంది. అంటే ఓపెనింగ్ బ్యాలెన్సు సున్నా అన్నమాట. తరువాత లోపల కనిపించిన సీసమంతా అక్కడ పుట్టిందే.

తరుగుదల కట్టేటప్పుడు ప్రతి ఏడూ మిగిలిన విలువ మీదే శాతం వేస్తాం కదా, యురేనియం తరిగేదీ అలాగే. ఇందులో అందమేమంటే ఒకే గింజలో రెండు ఖాతాలున్నాయి. యురేనియం 238 సగానికి తరగడానికి 447 కోట్ల ఏళ్ళు పడుతుంది. యురేనియం 235కు 70 కోట్ల ఏళ్ళే. రెండూ వేర్వేరు రకం సీసాలుగా మారతాయి. రెండు లెక్కలూ ఒకే వయస్సు చెబితే ట్యాలీ అయినట్టు. తేడా వస్తే మధ్యలో ఎప్పుడో సీసం కారిపోయిందని అనుమానం. నా ముప్పై ఏళ్ళ సర్వీసులో ఇంత శుభ్రమైన లెడ్జరు నేను చూడలేదు.

ఇంకో విశేషం. రాయి మళ్ళీ కాగి, నలిగినా జిర్కాన్ ఓ పట్టాన చావదు. పాత గింజ చుట్టూ కొత్త పొర కట్టుకుంటుంది. గింజను జిగురులో బిగించి సగానికి అరగదీస్తే చెట్టు మానులో లాగా పొరలు కనబడతాయి. వెంట్రుక కన్నా సన్నని అయాన్ల ధారతో ఒక్కొక్క పొరనూ విడిగా కొలవవచ్చు. నడిమి భాగం పుట్టిన సంవత్సరం చెబితే, అంచు పెద్ద కాక తగిలిన సంవత్సరం చెబుతుంది.

ఇక అసలు కథ. పటంలో తూర్పు కనుమలు ఒకే వరుసలా కనిపిస్తాయి. జిర్కాన్‌లు అలా ఒప్పుకోలేదు. విశాఖ, అరకు వైపు కొండలకు పెద్ద కాక తగిలింది 100 నుంచి 90 కోట్ల ఏళ్ళ కిందట. సింహాచలం కొండ రాయి ఖోండలైటు (కొండల్లో ఉండే ఖోండుల పేరు మీద 1902లో పెట్టారు) ఆ కాకను చూసినదే. గోదావరి దాటి ఒంగోలు వైపు వస్తే లెక్క 160 కోట్ల చిల్లర. విశాఖ వైపు తగిలిన కాక ఇక్కడ పెద్దగా కనబడదు. మన మద్రాసు రాయి ఆ రెంటికన్నా పెద్దది. అంటే ఇవి వేర్వేరు చోట్ల పెరిగి తరువాత అతుక్కున్న ముక్కలు.

మరి విశాఖ కొండల తోబుట్టువులు ఎక్కడ? అంటార్కిటికాలో! అక్కడ రేనర్ అనే రాతిప్రాంతం జిర్కాన్‌లు కూడా అదే 100-90 కోట్ల లెక్క చూపిస్తాయి. ఒకే తేదీన పుట్టినవాళ్ళంతా కవలలు కారు, నిజమే. అందుకే రాయి రకం, 800 డిగ్రీలు దాటిన వేడి, తీరరేఖల అమరిక అన్నీ సరిచూశారు. ఇద్దరూ గోండ్వానా అనే ఉమ్మడి కుటుంబంలో ఉండి, సుమారు 13 కోట్ల ఏళ్ళ కిందట వేరుపడ్డారు. ఆ గోండ్వానా పేరు కూడా మన గోండులదే.

'మద్రాసు మనదే' అని 1953కి ముందు గొంతు చించుకున్న తరం మా నాన్నగారిది. మీ సొంత ఊరేది అని ఈనాటికీ మమ్మల్ని అడుగుతారు, నాలుగు తరాలుగా ఇక్కడే ఉన్నా. వాల్తేరు కొండకు మద్రాసు కొండ కన్నా మంచుఖండం దగ్గర చుట్టమని తెలిశాక ఆ ప్రశ్నకు నవ్వొస్తోంది.

ఇదంతా ఎందుకు చదివానంటే మా మేనకోడలు జియాలజీలో చేరతానంటోంది. ఎం.సి.రోడ్డులో బట్టల కొట్టున్న మా బావగారు ససేమిరా అంటున్నారు. "ఆడపిల్ల రాళ్ళు కొడుతూ కొండలెక్కి తిరుగుతుందా? బి.కాం. చేర్పించు బావా, నీలాగా స్థిరపడుతుంది" అని నా మీదే పెట్టారు. "బి.కాం. చదివిన నేనే ఈ లెక్కలకు ముచ్చటపడ్డాను, పిల్ల పడితే తప్పేముంది?" అన్నాను. ఉద్యోగాల సంగతి ఆయన అడగడం మాత్రం న్యాయమే. ఖనిజాలు, భూగర్భజలం, సొరంగాల పనులు ఉన్నాయి గానీ, బట్టల కొట్టంత నిలకడ అని నేను హామీ సంతకం పెట్టలేను. దరఖాస్తు గడువు ఇంకా పది రోజులుంది.

పల్లావరం చుట్టుపక్కల కొండలు కంకర కింద చాలామటుకు కరిగిపోయాయి. సెయింట్ థామస్ మౌంట్ దగ్గర మాత్రం కొంత చార్నొకైటును జియలాజికల్ సర్వే వారు జాతీయ స్మారకంగా గుర్తించారు. మా పేటలో మెట్రో ఎక్కి ఆలందూరులో మారితే ఒక్క స్టేషను. వచ్చే ఆదివారం పిల్లను తీసుకువెళుతున్నాను. బావగారినీ రమ్మన్నాను. ఆదివారమే బేరాలెక్కువ, కుదరదన్నారు. చెల్లెలు మాత్రం పులిహోర కడతానంది.