వైజయంతి ఎప్పుడు నిద్రపోయింది?

చిలకలూరిపేట నుంచి ఒక డిగ్రీ కుర్రాడు ఉత్తరం రాశాడు. "సార్! సినిమాల్లో పోలీసు హీరో ఫైటు చేస్తాడు, డ్యూయెట్ పాడతాడు, జీపు గాల్లోకి లేపుతాడు. అన్నీ చూశాం. ఆయన కంటినిండా నిద్రపోవడం మాత్రం ఒక్క సినిమాలోనూ చూళ్ళేదు. ఎందుకంటారు?" అని.

చమత్కారానికే అడిగి ఉంటాడు పాపం! కానీ ఆ ప్రశ్న నాకు ముల్లులా గుచ్చుకుంది. ఎందుకో చెబుతాను. కొంచెం సిగ్గుపడుతూనే చెబుతాను.

1990 నాటి సంగతి. "కర్తవ్యం" విడుదలైన రోజులు. ఎ. మోహనగాంధీ దర్శకత్వంలో విజయశాంతి పోలీసు ఆఫీసరు వైజయంతిగా విజృంభించిన సినిమా అది. ఆ పాత్రకే ఆవిడకి జాతీయ ఉత్తమ నటి అవార్డు వచ్చింది. నేనప్పుడు నరసరావుపేటలో చదువు వెలగబెడుతున్నాను. నలుగురు స్నేహితులం కలిసి నేల టిక్కెట్టు క్యూలో చొక్కాలు చిరిగేలా తోసుకుంటున్నాం. గేటు దగ్గర లాఠీ పట్టుకుని, గొంతు చించుకుని, మమ్మల్ని వరసలో నిలబెట్టడానికి నానా అవస్థా పడుతున్న కానిస్టేబులు ఎవరనుకున్నారు? మా బాబాయి. సొంత బాబాయి!

అంతకుముందు రెండు రాత్రులు ఆయన ఏదో పల్లెలో గొడవైతే పికెట్లో ఉన్నాడు. అక్కణ్ణించి లారీ ఎక్కి, ఇంటికి కూడా పోకుండా, తిన్నగా సినిమా హాలు డ్యూటీకొచ్చాడు. ఆ ముక్క నాకు తర్వాత మా పిన్ని చెబితే తెలిసింది.

ఇంటర్వెల్లో బయటికొచ్చాం. సోడా బండి పక్కన గోడకి ఆనుకుని, లాఠీ కాళ్ళ మధ్య నిలబెట్టి, నిలువునా నిద్రపోతున్నాడు బాబాయి. మావాడొకడు చూసి, "ఒరేయ్! లోపల విజయశాంతి రౌడీల్ని ఉతికి ఆరేస్తుంటే బయట ఈయన గుర్రు పెడుతున్నాడ్రా!" అన్నాడు. అందరూ పగలబడి నవ్వారు. నేనూ నవ్వాను. ఆయన మా బాబాయని చెప్పలేదు.

ఆ నవ్వులకి ఆయన ఉలిక్కిపడి కళ్ళు తెరిచాడు. నన్ను చూశాడు. పలకరించలేదు. స్నేహితుల ముందు నాకు చిన్నతనంగా ఉంటుందనుకున్నాడో ఏమో, మెల్లిగా మొహం అటు తిప్పుకున్నాడు.

* * *

సినిమాలో పోలీసు వేషం కట్టే నటుడికి కాల్షీటంటూ ఒకటుంది. ఇన్నింటికి రావాలి, ఇన్నింటికి పోవచ్చు అని లెక్కుంది. చివర్న "పేకప్!" అని అరిచే మనిషి ఉన్నాడు. అసలు పోలీసుకి? మన దేశంలో పోలీసు వ్యవస్థకి పునాది వేసిన 1861 నాటి చట్టంలో 22వ సెక్షన్ ఏమంటుందో తెలుసా? పోలీసు ఉద్యోగి ఎల్లవేళలా డ్యూటీలో ఉన్నట్టే లెక్క అంటుంది! తెల్లదొర రాసిన మాట. దొర పోయాడు గానీ మాట మిగిలింది. మిల్లులో పనిచేసే కార్మికుడికి 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం వారానికి 48 గంటలని హద్దు గీసి, ఒక రోజు సెలవు కూడా ఇచ్చింది. పోలీసుకి ఆ గీత లేదు.

బ్యూరో ఆఫ్ పోలీస్ రీసెర్చ్ అండ్ డెవలప్‌మెంట్ కోసం మన హైదరాబాదులోని అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజీ వారు చేసిన అధ్యయనం ఒకటి 2014లో వెలువడింది. దేశంలో పోలీసు స్టేషన్ల సిబ్బందిలో సుమారు 90 శాతం మంది రోజుకి 8 గంటలకి మించి పనిచేస్తున్నారని అందులో తేలింది. తమ సిబ్బందికి నెలలో ఒక్క వారాంతపు సెలవైనా దొరకడం లేదని స్టేషన్ ఆఫీసర్లలో 73 శాతం పైచిలుకు మంది ఒప్పుకున్నారు. 2019లో కామన్ కాజ్, లోక్‌నీతి సంస్థలు కలిసి వెలువరించిన నివేదిక అయితే సగటున రోజుకి 14 గంటల పని అని లెక్క తేల్చింది.

పద్నాలుగు గంటలు! అంటే వరసగా అయిదు సినిమాలు నిలబడి చూసినట్టు. అదీ ఎండలో, తిట్లు తింటూ!

* * *

"ఆఁ, అలవాటైపోతుందిలే" అంటారు కొందరు. అలవాటు కాదు తమ్ముళ్ళూ! మన మెదడులో ఒక గడియారం ఉంది. అది వెలుతురుని చూసి నడుస్తుంది. చీకటిపడితే మెలటోనిన్ అనే పదార్థాన్ని ఊరించి "ఇక పడుకో" అంటుంది. తెల్లవారుజామున శరీరం చల్లబడి, చురుకుదనం అడుగంటుతుంది. ఈ గడియారం లోపలి పళ్ళచక్రాలు కనిపెట్టినందుకే 2017లో ముగ్గురు అమెరికా శాస్త్రవేత్తలకి నోబెల్ బహుమతి ఇచ్చారు. ఇవాళ పగలు, రేపు రాత్రి, ఎల్లుండి రెండూ అని డ్యూటీలు మారుతుంటే ఆ గడియారం బిక్కచచ్చిపోతుంది. పగలు పడుకున్నా నిద్ర పలచగా పడుతుంది. దాని వెనకే షుగరు, బీపీ, గుండెజబ్బు, పొట్టలో పుండు ఒక్కొక్కటే క్యూ కడతాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థకి చెందిన క్యాన్సర్ పరిశోధనా విభాగం 2007లోనే రాత్రి షిఫ్టు పనిని "క్యాన్సర్‌కి కారణం కావచ్చు" అన్న జాబితాలో చేర్చింది. 2011లో ఉత్తర అమెరికాలో సుమారు 5 వేల మంది పోలీసుల్ని పరీక్షిస్తే నూటికి నలభై మందిలో ఏదో ఒక నిద్రజబ్బు లక్షణాలు కనబడ్డాయి.

ఇంకొక్క ముక్క చెబితే మీకు నవ్వూ వస్తుంది, భయమూ వేస్తుంది. 1997లో ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు డాసన్, రీడ్ ఒక ప్రయోగం చేశారు. 17 గంటలు ఏకబిగిన మేలుకున్న మనిషి చెయ్యీ కన్నూ ఎంత మందగిస్తాయంటే, రక్తంలో 0.05 శాతం మద్యం ఉన్నవాడితో సమానం అని తేల్చారు. 24 గంటలైతే 0.10 శాతం! మన దేశంలో బండి నడిపేవాడికి చట్టం పెట్టిన హద్దు 0.03 శాతం. అంటే ఏమిటన్నమాట? పొద్దున్నుంచీ డ్యూటీలో ఉండి, అర్ధరాత్రి రోడ్డు మీద మిమ్మల్ని ఆపి "ఊదు" అంటున్న కానిస్టేబులున్నాడే, చుక్క ముట్టకపోయినా ఆయన మీకంటే ఎక్కువ తూలుతూ ఉండవచ్చు!

* * *

మా పల్నాడు పోలీసు క్యాలెండరు చూడండి. శివరాత్రికి కోటప్పకొండ తిరునాళ్ళు. ఆకాశాన్నంటే ప్రభలు, లక్షల జనం, తెల్లవార్లూ జాగారం. భక్తుడికి ఏడాదికొక్క జాగారం, పోలీసుకి ఎన్నో లెక్కలేదు. కార్తీక అమావాస్యకి కారంపూడి వీరుల ఉత్సవాలు. 2023 నవంబరు ఆఖర్న ఒక అర్ధరాత్రి నాగార్జునసాగర్ డ్యాం మీద రెండు రాష్ట్రాల పోలీసులు ఎదురెదురుగా నిలబడాల్సి వచ్చింది. 2024 మే 13న ఎన్నికలు. ఎండకి పేరుమోసిన రెంటచింతల ఉన్న జిల్లాలో మే నెల బందోబస్తంటే ఎలా ఉంటుందో ఊహించుకోండి! ఆ రోజూ ఆ తర్వాతా జరిగిన దాడులు దేశమంతా టీవీల్లో చూసింది. 144వ సెక్షన్ పెట్టారు. ఎన్నికల సంఘం జిల్లా ఎస్పీనే సస్పెండ్ చేసింది. ఓట్ల లెక్కింపు జూన్ 4న. మధ్యలో 22 రోజులు. ఊరూరా పికెట్లు. ఆ 22 రోజుల్లో ఎంతమంది కానిస్టేబుళ్ళ పిల్లలు నాన్న మొహం చూశారో ఎవరు లెక్కేశారు?

ఇక్కడ మీలో కొందరు అడుగుతారు, నాకు తెలుసు. "పోలీసులేమన్నా తక్కువ తిన్నారా సార్? కొట్టడం లేదా, కసరడం లేదా?" నిజమే. చేసిన తప్పు తప్పే. దాన్ని నిద్రలేమి ఖాతాలో రాసి కొట్టెయ్యమనడం లేదు. కానీ ఒక్కటి ఆలోచించండి. మీ సైకిలు పోయిందనో, మీ చెల్లెల్ని ఎవడో ఏడిపించాడనో రాత్రి పదకొండింటికి స్టేషన్ మెట్లెక్కుతారు. ఎదురుగా కూర్చున్న మనిషి నిద్రలేచి పద్దెనిమిది గంటలైంది. మీ మాట ఆయన చెవికెక్కుతుందా? సహనం ఎక్కణ్ణించి తెస్తాడు? ఆయన నిద్ర ఆయన సొంత గొడవ కాదు, మనది కూడా!

* * *

మా బాబాయి కథ మిగిలిపోయింది. 2013లో ఒక రాత్రి గస్తీ ముగించి తెల్లవారుజామున మోటారు సైకిలు మీద ఇంటికొస్తున్నాడు. రోడ్డు వారగా ఆపిన పత్తి ట్రాక్టరుకి వెనకనుంచి గుద్దేశాడు. బ్రేకు వేసిన గుర్తు కూడా లేదు. కునుకు పట్టేసింది! కాలు రెండుచోట్ల విరిగింది. కాలికని ఆస్పత్రికి తీసుకెళితే షుగరూ బీపీ రెండూ బయటపడ్డాయి. మంచం మీద పడుకుని ఆయనే నవ్వాడు. "దొంగల ఎంటపడినప్పుడు ఒక్క దెబ్బ తగల్లేదురా అబ్బాయ్. ఇంటికొస్తుంటే తగిలింది" అని.

దీనికి మందే లేదా అంటే, ఉంది. 2016లో ముంబైలో దేవనార్ పోలీసు స్టేషన్లో 8 గంటల షిఫ్టు పెట్టి చూశారు. ఆ డ్యూటీ పట్టిక తయారుచేసింది ఐపీఎస్ ఆఫీసరు కాదు, ఒక మామూలు కానిస్టేబులు! ఉన్న మనుషులతోనే కుదుర్చుకుని చూపించాడు. తర్వాత మిగతా స్టేషన్లకీ అది పాకింది. మన రాష్ట్రంలో 2019 జూన్‌లో పోలీసులకి వారాంతపు సెలవు ప్రకటించారు. బాబాయి ఆ జీవో కాగితాన్ని దేవుడి పటం పక్కన పెట్టాడు. మొదటి వారం సెలవు దొరికింది, పిన్నిని తీసుకుని కోటప్పకొండ వెళ్ళొచ్చాడు. రెండో వారం బందోబస్తు పడింది. మూడో వారం కూడా. సెలవు కాగితం మీద ఉంటే చాలదు, ఆ రోజు ఆయన బదులు నిలబడటానికి ఇంకో మనిషి ఉండాలి. ఖాళీలు నింపితేనే నిద్ర!

2020లో రిటైరయ్యాడు బాబాయి. 2023లో "కోటబొమ్మాళి పీఎస్" వచ్చినప్పుడు సెకండ్ షోకి నేనే తీసుకెళ్ళాను. మలయాళం "నాయాట్టు"కి రీమేకు. పోలీసుని సూపర్‌మ్యాన్‌లా కాకుండా, పైవాళ్ళ ఒత్తిళ్ళ మధ్య నలిగే మామూలు మనిషిలా చూపించిన అరుదైన సినిమాల్లో ఒకటి. బాబాయి రెప్ప వాల్చకుండా చూశాడు. ఇంటర్వెల్లో టీ తాగుతూ, ముప్ఫైమూడేళ్ళుగా గొంతులో ఉన్నది కక్కేశాను. "బాబాయ్, ఆవేళ 'కర్తవ్యం' హాలు దగ్గర నువ్వు గోడకి ఆనుకుని నిద్రపోతుంటే మావాళ్ళతో కలిసి నేనూ నవ్వాను. నిన్నెరగనట్టు ఊరుకున్నాను."

ఆయన కాసేపు ఆలోచించాడు. "గుర్తులేదురా. ఎన్ని గోడలకి ఆనుకుని నిద్రపోయానో! ఏ గోడని చెప్పను?" అన్నాడు.

నిజంగా గుర్తులేదో, నన్ను ఇబ్బంది పెట్టడం ఇష్టంలేకో, ఇప్పటికీ నాకు తెలీదు.

ఆ రాత్రి వాళ్ళింట్లోనే పడుకున్నాను. మూడింటికి మెలకువొస్తే వాకిట్లో అరుగు మీద కూర్చుని ఉన్నాడు. "నిద్రపట్టలేదా బాబాయ్?" అన్నాను. "ఇది గస్తీ టైము గదరా" అన్నాడు.

చిలకలూరిపేట తమ్ముడూ! సినిమా పోలీసు ఎందుకు నిద్రపోడని అడిగావు. పేకప్ అవగానే ఇంటికి పోయి పడుకుంటాడు గనుక మనకి చూపించక్కర్లేదు. ఈసారి నీ అభిమాన హీరో సినిమాకి ఫస్ట్ షో క్యూలో నిలబడ్డప్పుడు తోసుకోకు. గేటు దగ్గర లాఠీ పట్టుకున్న మనిషి కళ్ళు ఒక్కసారి చూడు. ఎర్రగా ఉంటే కోపమనుకోకు. వీలైతే ఒక సోడా కొట్టించి ఇవ్వు.

వచ్చేవారం కలుద్దాం!