పై చదువు ఎక్కడ? పొలం ఎవరి పేరున?

ఖమ్మం జిల్లాలో ఇరవై ఏళ్లుగా మహిళా సంఘాల్లో పనిచేస్తున్న మా సహచరి కూతురు, పోయిన వేసవిలో రెండు కాగితాలు పట్టుకుని మా ఇంటికి వచ్చింది. ఒకటి ఇంగ్లండులోని ఒక విశ్వవిద్యాలయం నుంచి. మేనేజ్‌మెంటులో ఏడాది మాస్టర్స్ కోర్సుకు సీటు ఇస్తామని. రెండోది మన దేశంలోనే ఒక ఐఐఎం నుంచి. రెండేళ్ల ఎంబీఏకి. బీకాం చదివి, హైదరాబాదులో ఒక ఆడిటరు ఆఫీసులో రెండేళ్లు పనిచేసిన పిల్ల. పది రోజుల్లో ఏదో ఒకచోట మొదటి విడత ఫీజు కట్టాలి. "పిన్నీ, ఎటు పోవాలో మీరు చెప్పండి" అంది.

ఏ కోర్సులో ఏం నేర్పుతారు, ఎక్కడ ఉద్యోగాలు దొరుకుతాయి అన్న మాటలతోనే మొదలుపెట్టాం. కానీ అరగంట గడవకముందే మా మాటలు కోర్సులు వదిలి ఇంట్లోకి వచ్చేశాయి. ఇంగ్లండు చదువుకు అన్నీ కలిపి దాదాపు 40 లక్షలు. ఇక్కడి చదువుకు 20 లక్షలకు అటూ ఇటూ. ఇంగ్లండుకైతే బ్యాంకు వాళ్లు పొలం తాకట్టు పెట్టమన్నారు. ఉన్నది రెండున్నర ఎకరాలు, తాతల నాటి ఉమ్మడి ఆస్తి, పాసుపుస్తకం తండ్రి పేరున. ఐదేళ్ల కిందట అన్న అమెరికాలో ఎంఎస్ చదవడానికి అందులోంచి ఒక ఎకరం అమ్మారు. అప్పుడు ఈ పిల్ల వాటా సంగతి ఎవరికీ గుర్తుకు రాలేదు. ఇప్పుడు ఆ అన్నే ఫోన్లో "పొలం తాకట్టు పెడితే నా వాటా ఏం కావాలి?" అని అడిగాడట. తండ్రి చెడ్డవాడు కాదు. "పెళ్లికని 12 లక్షలు దాచాను. చదువుకు వాడుకుంటే పెళ్లికి ఉండదు. ఏదో ఒకటి తేల్చుకో" అన్నాడట.

కొడుకు చదువు పెట్టుబడి, కూతురి చదువు ఖర్చు. ఈ లెక్క మన మధ్యతరగతి, రైతు కుటుంబాల్లో ఎంత సహజంగా కలిసిపోయిందంటే, దాన్ని లెక్క అని కూడా ఎవరూ అనుకోరు. కొడుకు చదువుకోసం పొలం అమ్మితే ఆ డబ్బు జీతం రూపంలోనో కట్నం రూపంలోనో తిరిగి వస్తుందని అందరికీ నమ్మకం. విదేశీ డిగ్రీ ఉన్న వరుడి ధర మన ప్రాంతాల్లో ఎంత పలుకుతుందో నేను చెప్పనక్కరలేదు. 1961 నుంచి కట్న నిషేధ చట్టం ఉన్నా ఆ బజారు మూతపడలేదు. అదే డిగ్రీ కూతురికి ఉంటే "ఇంకా ఎక్కువ చదివిన అల్లుణ్ణి తేవాలి, ఇంకా ఎక్కువ ఇవ్వాలి" అంటారు.

ఇందులో నా సొంత అనుభవం కూడా ఉంది. 2003లో సోషియాలజీలో ఎంఏ పూర్తిచేసినప్పుడు నేనూ బయటి దేశంలో పరిశోధన చేయాలని దరఖాస్తులు తెప్పించుకున్నాను. ఆ ఏడే మా తమ్ముడి వీసా వచ్చింది. ఒకే ఏడాది ఇద్దరికీ ఎలా అన్నారు. నా దరఖాస్తులు పంపనేలేదు. ఫెలోషిప్పు మీద ఇక్కడే డాక్టరేటు చేశాను. చేసిన పనిమీద నాకు పశ్చాత్తాపం లేదు, ఆ ఐదేళ్లు నన్ను తీర్చిదిద్దాయి. కానీ "నేను ఇక్కడే ఉండాలనుకున్నాను" అని ఇన్నేళ్లూ అందరికీ చెప్పుకుంటూ వచ్చాను. అది నిజం కాదు. ఆ నిర్ణయం జరిగిన గదిలో నేను లేను.

అందుకే "ఇక్కడా, అక్కడా?" అన్న ప్రశ్నకు ముందు మరో ప్రశ్న వేయాలంటాను. నిర్ణయం ఎవరిది? ఎవరి ఆస్తి మీద, ఎవరి సంతకంతో?

చట్టం ఈ విషయంలో మన ఇళ్లకంటే చాలా ముందుంది. ఉమ్మడి ఆస్తిలో కూతుళ్లకు కొడుకులతో సమాన వాటా ఇస్తూ ఆంధ్రప్రదేశ్ 1986లోనే హిందూ వారసత్వ చట్టాన్ని సవరించింది. పెళ్లికాని కూతుళ్లకు ఆ హక్కు 1985 సెప్టెంబరు 5 నుంచి వర్తించింది. 2005లో కేంద్ర చట్టం దేశమంతటా కూతుళ్లకు ఆ హక్కు ఇచ్చింది. అది పుట్టుకతో వచ్చే హక్కేనని, 2005 నాటికి తండ్రి బతికి ఉండనక్కరలేదని 2020లో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. తండ్రి స్వార్జితమైతే సంగతి వేరు, అది ఆయన ఇష్టం. కానీ తాతల నాటి ఉమ్మడి పొలం విషయంలో ఆ అన్న అడిగిన ప్రశ్న చెల్లెలు కూడా అడగవచ్చు. ఎకరం అమ్మిన రోజునే అడిగి ఉండవలసింది.

ఇక బయటికి వెళ్లడం సంగతి. మన ఆడపిల్లలు విదేశీ చదువును కోరుకోవడం కేవలం డబ్బు మోజు అనుకుంటే పొరపాటు. ఇక్కడ ఉంటే వచ్చే నెలలో పెళ్లిచూపులు, అక్కడైతే కనీసం ఏడాది ఊపిరి అని ఎంతోమంది నాతో చెప్పారు. రాత్రి పదింటికి బస్సు దిగి, ఎవరికీ సంజాయిషీ ఇచ్చుకోకుండా గదికి నడిచి వెళ్లిన మొదటి రోజు గురించి చెబుతుంటే ఒక అమ్మాయి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ స్వేచ్ఛను తక్కువ చేసి మాట్లాడే హక్కు మనకు లేదు.

అయితే ఆ స్వేచ్ఛకు వీసా మీద గడువు తేదీ ఉంటుంది. ఇంగ్లండులో చదివే విద్యార్థి సెలవులు కాని రోజుల్లో వారానికి 20 గంటలకు మించి పనిచేయకూడదు. చదువు అయ్యాక ఉద్యోగం వెతుక్కోవడానికి 2021 నుంచి రెండేళ్లు ఇస్తున్నారు. 2027 జనవరి నుంచి దరఖాస్తు చేసేవారికి దాన్ని 18 నెలలకు కుదించాలని నిర్ణయించారు. 2024 జనవరి నుంచి ఇలాంటి మాస్టర్స్ కోర్సులకు వెళ్లేవారు భర్తనో బిడ్డలనో వెంట తీసుకువెళ్లే వీలు లేదు. చిన్న బిడ్డ ఉన్న తల్లికి దీని అర్థం ఏమిటో వేరే చెప్పాలా? అమెరికాలో చదువు తర్వాత పనిచేయడానికి 12 నెలలు ఇస్తారు. కోర్సు శాస్త్ర సాంకేతిక జాబితాలో ఉంటే మరో 24 నెలలు. ఆ తర్వాత హెచ్-1బి. 2025 సెప్టెంబరులో విదేశాల నుంచి కొత్తగా తెచ్చుకునే ఉద్యోగుల హెచ్-1బి దరఖాస్తులపై లక్ష డాలర్ల రుసుము ప్రకటించారు. విద్యార్థి అయిన భర్త వెంట వెళ్లిన భార్యకైతే అక్కడ పనిచేసే అనుమతే లేదు, పూర్తికాలపు చదువుకూ లేదు. అమెరికా అంటే ఒకే అమెరికా కాదు. సొంత సీటుతో వెళ్లిన స్త్రీకి ఒకటి, భర్త వీసా మీద వెళ్లిన స్త్రీకి ఇంకొకటి.

అప్పు మాట చూద్దాం. 40 లక్షలు, 11 శాతం వడ్డీ, పదేళ్ల గడువు అయితే నెలకు 55 వేలు పైగా కట్టాలి. 20 లక్షలైతే అందులో సగం. పౌండ్లలో జీతం వస్తే తేలిక, గడువు తీరి తిరిగి వస్తే అదే వాయిదా రూపాయల్లో మెడకు చుట్టుకుంటుంది. అప్పటికి పొలం తాకట్టులో ఉంటుంది. "నీ చదువు వల్లే పొలం పోయింది" అనే మాట జీవితాంతం పడవలసింది ఆడపిల్లే. బ్యాంకుల మాదిరి విద్యారుణ పథకం ప్రకారం ఏడున్నర లక్షలు దాటితే ఆస్తి హామీ అడుగుతారు. తల్లిదండ్రుల్లో ఒకరు తోడు సంతకం చేయాలి, పెళ్లయితే భర్తో అత్తమామలో చేయవచ్చు. పాతికేళ్ల స్త్రీ చదువుకోవాలంటే ఇంకా ఎవరో ఒకరు సంతకం చేయాలి.

ఇక్కడి ఉన్నత సంస్థల్లో ఈ ముడి కొంత వదులయింది. 2024 నవంబరులో కేంద్ర ప్రభుత్వం ఆమోదించిన పీఎం విద్యాలక్ష్మి పథకం కింద ఎంపిక చేసిన విద్యాసంస్థల్లో సీటు వచ్చినవారికి ఆస్తి తాకట్టు, హామీదారు లేకుండా రుణం ఇస్తారు. విదేశీ చదువుకు ఇది వర్తించదు. ఐఐఎంలలో రిజర్వేషన్లు అమలవుతాయి, విదేశాల్లో ఆ మాటే లేదు. 2017 నాటి చట్టం వచ్చాక ఐఐఎంలు డిప్లొమాకు బదులు డిగ్రీయే ఇస్తున్నాయి. విశాఖపట్నంలో 2015 నుంచి ఒక ఐఐఎం ఉంది. అయితే "ఇక్కడి చదువు" అంటే అదొక్కటే కాదు. ఐసెట్ రాసి దగ్గరి కాలేజీలో ఎంబీఏ చేరే ఆడపిల్లలే మన ఊళ్లలో ఎక్కువ. బస్సులో వెళ్లి సాయంత్రానికి ఇల్లు చేరగలిగే దూరంలో ఉందన్నదే అక్కడ చేరడానికి మొదటి కారణం. సంబంధం కుదిరేదాకా కాలక్షేపంగా చూసే ఆ చదువును నేను "ఇల్లు" కింద జమ కట్టను.

పొలమే లేని కుటుంబాల పిల్లల సంగతి మరవకూడదు. దళిత, వ్యవసాయ కూలీ కుటుంబాల పిల్లలకు కేంద్ర సామాజిక న్యాయ శాఖ ఇచ్చే విదేశీ ఉపకార వేతనాల్లో 30 శాతం స్త్రీలకు కేటాయించారు. తెలంగాణలో విదేశీ విద్యానిధి కింద 20 లక్షల వరకు సాయం ఉంది. అలాంటి సాయం దొరికిన అమ్మాయికి నేను "వెళ్లు" అనే చెబుతాను. ఆమె తలమీద తాకట్టు భారం లేదు.

మనలో కొందరు వ్యాపార శాస్త్రం మనకెందుకు, లాభాల చదువు కదా అంటారు. ఆ చదువులోకి ఆడవాళ్లను రానిచ్చిందే ఆలస్యంగా. హార్వర్డ్ బిజినెస్ స్కూలు తన రెండేళ్ల ఎంబీఏలో స్త్రీలను మొదటిసారి చేర్చుకున్నది 1963లో, ఎనిమిది మందిని. మన అనుమానానికీ కారణం లేకపోలేదు. 2010లో సూక్ష్మరుణాల సంక్షోభాన్ని మనం కళ్లారా చూశాం. పేద స్త్రీల మీద వసూళ్ల ఒత్తిడి ఎంత దూరం వెళ్లిందంటే ఆ అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆర్డినెన్సు తేవలసి వచ్చింది. ఆ రుణాలకు పథకాలు వేసినవారిలో పెద్ద మేనేజ్‌మెంటు చదువులు చదివినవారున్నారు. ఈ పిల్లకు అప్పుడు తొమ్మిదేళ్లు, తల్లి సంఘం పుస్తకాలు రాస్తుంటే పక్కన కూర్చునేది. డిగ్రీలో ఉండగా పాత వాయిదా కార్డు తీసి లెక్కవేసిందట. అసలు తగ్గుతున్నా వడ్డీ మాత్రం మొత్తం అప్పు మీదే వేస్తూ పోయారు, కార్డుమీద రాసినదానికి నిజంగా పడిన వడ్డీ దాదాపు రెట్టింపు. "ఈ లెక్క మా అమ్మకు అప్పుడే తెలిసి ఉంటే!" అంది. ఈ చదువు మనకెందుకు అనేవారికి ఇంతకు మించిన జవాబు నా దగ్గర లేదు.

నా అభిప్రాయం ఇది. ఇక్కడ మంచి ప్రభుత్వ సంస్థలో సీటు వచ్చి, బయటి చదువుకు మాత్రం తన పేరున లేని ఆస్తిని తాకట్టు పెట్టవలసి వస్తే, ముందు ఇక్కడ చదవాలి. విదేశాల్లో పేరున్న చాలా ఎంబీఏ కోర్సులు ఎటూ కొన్నేళ్ల ఉద్యోగ అనుభవం అడుగుతాయి. సొంత సంపాదనతో, సొంత సంతకంతో తర్వాత వెళ్లవచ్చు. కానీ ఇంట్లో ప్రాణానికో మనసుకో ప్రమాదం ఉన్నవాళ్లకు, బలవంతపు పెళ్లి ముంచుకొస్తున్నవాళ్లకు ఈ సలహా వర్తించదు. వాళ్లకు దూరమే మొదటి అవసరం.

ఆ అమ్మాయి ఇక్కడే చేరింది. సంతోషంగా చేరిందని అబద్ధం చెప్పను. ఇంగ్లండు కాగితం మడిచి దాచుకుంది. ఆ వారమే వాళ్లమ్మ భర్తనూ కొడుకునూ కూర్చోబెట్టి మాట్లాడింది. పెళ్లికని దాచిన 12 లక్షలు ఇప్పుడు కూతురి పేరున డిపాజిట్టులో ఉన్నాయి. పొలం సంగతి ఇంకా తేలలేదు. మనం ఊళ్లలో ఆస్తిహక్కు గురించి ఎన్నో సభలు పెట్టాం. ఈ సంభాషణ సంఘంలో పనిచేసే మనలో ఎంతమంది మన ఇళ్లలో మొదలుపెట్టాం?