కర్మాగారముతో మూతపడిన స్టేషను

ఇంగ్లండు ఈశాన్యతీరమున, టీస్ నది సముద్రమున గలియు చోటికి సమీపమున, రెడ్‌కార్ అను పట్టణము కలదు. దాని పడమటి దిక్కున, డార్లింగ్టన్ నుండి సాల్ట్‌బర్న్‌కు పోవు మార్గములో, ‘రెడ్‌కార్ బ్రిటిష్ స్టీల్’ అను స్టేషనులో పూర్వము రైళ్ళు ఆగెడివి. 2019 డిసెంబరు నుండి అవి ఆగుట మానినవి. ఊరి పేరును, సంస్థ పేరును కలిపి ధరించిన ఈ చిన్న స్టేషను కథ, ఒకే పరిశ్రమను నమ్ముకొన్న ప్రాంతములన్నియు తెలిసికొనదగినది.

ఆ సీమకు ప్రాణము పోసినది రైలే. 1825లో ప్రారంభమైన స్టాక్టన్–డార్లింగ్టన్ మార్గమును, బొగ్గును ఓడల కెక్కించుటకై 1830లో మిడిల్స్‌బ్రో వరకు పొడిగించిరి. 1846లో పట్టాలు రెడ్‌కార్ చేరినవి. 1850లో ఎస్టన్ కొండలలో ముడి ఇనుము విస్తారముగా బయల్పడగా, కొలది కుటుంబములుండిన మిడిల్స్‌బ్రో మహానగరమువలె పెరిగెను. 1932లో పూర్తియైన సిడ్నీ వంతెన ఉక్కులో అధికభాగము ఈ సీమనుండి పోయినదే.

1967లో ఉక్కు పరిశ్రమ జాతీయమయ్యెను. రెడ్‌కార్‌లో, ఐరోపాలోని అతిపెద్ద వాటిలో ఒకటియగు బ్లాస్టు ఫర్నేసు 1979లో పనికి వచ్చెను. అంతకు కొంచెము ముందు, 1978 జూన్ 19న, పాత వారెన్‌బీ హాల్టుకు బదులుగా ఈ స్టేషను తెరవబడెను. రెండు ప్లాటుఫారములు, ఒక కాలివంతెన, అంతే. షిఫ్టుల వేళలకు కార్మికులు దిగెడివారు, ఎక్కెడివారు. అయితే వెలుపలికి పోవు దారి కర్మాగారపు ఆవరణలోనిదే. స్టేషను ప్రజలది, వాకిలి కర్మాగారముది. నాడు రైల్వేయు, కర్మాగారమును రెండును ప్రభుత్వమువే గనుక ఈ లోపము ఎవరికిని లోపముగా దోచలేదు.

1988లో ఉక్కు సంస్థ ప్రైవేటు వారిదయ్యెను. 1999లో డచ్చి సంస్థతో కలిసి కోరస్ అయ్యెను. 2007లో కోరస్‌ను మన టాటావారు కొనిరి. 2010లో ఫర్నేసు ఆగెను. 2011లో థాయిలాండు సంస్థయొకటి కొని, 2012లో దానిని మరల వెలిగించెను. ప్రపంచమున ఉక్కు ధర పడిపోగా 2015లో ఆ మంటయు ఆరెను. రెండువేలకు మించిన ఉద్యోగములు పోయినవి. నిర్ణయములు దూరదేశములలో జరిగినవి. ఫలితము రెడ్‌కార్ ఇండ్లలో కనబడినది.

విచిత్రమేమనగా, పని ఆగినను రైలు ఆగుట మానలేదు. బ్రిటనులో స్టేషనును మూయవలెనన్న ప్రకటన, అభ్యంతరముల విచారణ మొదలగు దీర్ఘ విధానము కలదు. కావున కొలది రైళ్ళు ఖాళీ ప్లాటుఫారముల వద్ద నిలిచి పోవుచుండెను. దిగినవారికి వెలుపలికి పోవు త్రోవ లేదు. తిరుగు రైలుకై అచటనే వేచియుండవలెను. 2017–18 సంవత్సరమున అచటి ప్రయాణికుల లెక్క 40. దేశమంతటిలో అదియే కనిష్ఠము. ఆ వార్త విని వింత చూడ వచ్చినవారి వలన మరుసటి యేట లెక్క కొంత పెరిగెను.

ఈ 40 అను అంకెను జాగ్రత్తగా చదువవలెను. అది జనులకు స్టేషను అక్కరలేదని చెప్పుటలేదు. జనులు నడచు దారి లేదని మాత్రము చెప్పుచున్నది. వాకిలి మూసి, ఇంటికి చుట్టములు రారని లెక్కవేసినట్లున్నది!

2022 నవంబరులో ఆ ఫర్నేసును కూల్చివేసిరి. ఆ భూములలో క్రొత్త పరిశ్రమలను నెలకొల్పు యత్నము జరుగుచున్నది. పట్టాలు ప్రక్కనే యున్నవి. రైళ్ళు నిలువక సాగిపోవుచున్నవి. రాబోవు కార్మికులు ఏ దారిని పనికి పోవుదురను ప్రశ్న మిగిలియున్నది. పదిమంది సొమ్ముతో గట్టిన దానికి పదిమంది దారియు ఉండవలెను. యజమానులు మారుదురు, పేర్లు మారును; దారి మాత్రము ఊరిదిగా నిలిచినచో, ఒక కర్మాగారము పోయినను స్టేషను బ్రతుకును.